ఊరు చూడని ఊరి జట్టు
(భాగ్యనగర క్రీడాచరిత్ర: తొమ్మిదవ ప్రకరణము)

గత ప్రకరణమున రహీం మాష్టారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు రోవర్సు కప్పును గెలుచుకొని వచ్చిన వృత్తాంతమును ముగించితిమి. ఆ జట్టు పేరెత్తినంతనే పాతబస్తీలో ఎనుబది యేండ్లు పైబడిన వృద్ధుల కన్నులు నేటికిని మెరయును. ఎదుట చాయ చల్లారి మీగడ కట్టుచున్నను సరకుచేయక, అజీజుద్దీన్ ఎట్లు అడ్డుపడెనో, నూర్ మహమ్మద్ బంతిని ఎట్లు అందించెనో, బల్లమీది గ్లాసులనే ఆటగాండ్రుగా జరిపి చూపుదురు. ఈ ప్రకరణమున చెప్పబోవు జట్టు సంగతి దానికి కేవలము విరుద్ధము. అదియు హైదరాబాదు పేరు ధరించినదే. అది ఆడినదియు ఫుట్‌బాల్ అనబడు ఆటయే. అయినను గుల్జార్ హౌజు నడుమ నిలువబడి నాలుగు కమానుల వైపు నుండి వచ్చు జనులను ఒక్కొక్కరినే నిలిపి అడిగినను, ఆ పేరు విన్నవాడొక్కడు దొరకుట దుర్లభము. దాని పేరు హైదరాబాదు స్కైకింగ్స్. అది ఆడినది అమెరికా వారి ఫుట్‌బాల్.

ఆ జట్టు సంగతి వ్రాయవలెనను తలంపు నాకు జుమ్మేరాత్ బజారులో పుట్టినది. గురువారము నాడు పురానాపూల్ దాపున ఆ సంత ఎరుగనివారికి ఒక మాట చెప్పవలెను. 1578వ సంవత్సరమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ వంతెన చేరువను, ఒకప్పుడు నదీజలము పారిన దిశగా నేడు పాతసామాను పారును. తిరుగని పంకాలు, జత తప్పిన జోళ్లు, పలుకుట మానిన రేడియోలు, ఎవరి పెండ్లిదో తెలియని ఛాయాచిత్రములు, అన్నియు ఒకే దుప్పటిమీద సమానగౌరవముతో పరుండియుండును. అట్టి దుప్పటి యొకదానిపై నాకొక శిరస్త్రాణము కనబడెను. మోటారుసైకిలు నడుపువారి హెల్మెట్టు కంటె గుండ్రముగా నున్నది. ముఖము చెంత ఇనుప ఊచల జాలీ. లోపల మెత్తలు చినిగి పసుపుపచ్చని నురుగు బయటపడినది. దాని ప్రక్కనే రెండు కొనలు సన్నగిలిన తోలు బంతి యొకటి, నడినెత్తిన బూటుకు వలె తాడు అల్లబడి యున్నది.

"తీస్కోండి సాబ్, స్కూటర్ మీద మంచిగుంటది," అనెను అమ్మకపు ముసలాయన.

"ముంగట ఈ జాలీ ఎందుకు బడే మియా?" అంటిని.

ఆయన ఒక్క లిప్తయైనను తడబడలేదు. "మాంజా సాబ్! సంక్రాంతికి మొహం కోస్కపోకుంట."

ఆ సమయస్ఫూర్తికి తలయొగ్గి బంతిని మాత్రము కొనితిని. ఇంటికి రాగానే మా గల్లీ బాలురు దానిని లాగుకొని కాలితో తన్నిరి. అది ఒకమారు కుడికి, మరొకమారు ఎడమకు, మూడవమారు తన్నినవాని మోకాటికే ఎగిరి, తుదకు మోరీలో పడెను. "అంకుల్, ఈ బాల్‌కు దిమాక్ ఖరాబైంది," అని తీర్పు చెప్పి వాండ్రు మరల తమ టెన్నిసు బంతి క్రికెట్టుకు మరలిరి. ఆ బంతి గుణమును అంత సంగ్రహముగా నిర్వచించిన వాక్యము నేనెచ్చటను చదువలేదు. పదునొకండు అంగుళముల పొడవున, చేతిలో ఇమిడి గాలిలో గిరగిర తిరుగుచు బాణమువలె దూసుకుపోవుటకై చేయబడిన బంతి అది. దానిని నేలపై దొర్లింపజూచుట పాలపిట్టను పొలము దున్నుమనుట వంటిది.

ఈ ఆటకు ఫుట్‌బాల్ అను పేరెట్లు నిలిచినదో విచారించిన, కథ 1869 నవంబరు 6వ తేదీకి పోవును. నాడు రట్గర్సు, ప్రిన్స్‌టన్ కళాశాలల విద్యార్థులు న్యూజెర్సీలో ఆడిన ఆటను అమెరికా వారు తమ ఫుట్‌బాల్‌కు జన్మదినముగా ఎంచుదురు. కాని నాటి ఆటలో బంతి గుండ్రనిది, దానిని చేతపట్టి పరుగెత్తుట నిషిద్ధము. పిమ్మట రగ్బీ పోకడలు వచ్చి చేరినవి. యేల్ విశ్వవిద్యాలయపు వాల్టర్ క్యాంప్ అనునాతడు 1880లో ఇరుపక్షములును ఎదురెదురుగా నిలుచు గీతను, 1882లో ఎత్తుల లెక్కను ప్రవేశపెట్టగా, ఆట దాని తల్లిదండ్రులు గుర్తుపట్టలేని రూపము దాల్చెను. నేటి నియమము మన కబడ్డీ తెలిసినవానికి చెప్పుట సులువు. బంతి చేతనున్న పక్షమునకు నాలుగు ఎత్తులు, అనగా నాలుగు కూతల వంటివి, ఈయబడును. ఆ నాలుగింటిలో పది గజములు ముందునకు పోయినచో మరల నాలుగు ఎత్తులు లభించును. పోలేకపోయినచో బంతి ఎదుటివారికి దక్కును. నూరు గజముల నేల నిట్లు అంగలు కొలుచుకొనుచు దాటి ఆవలి హద్దులో బంతితో ప్రవేశించినవారికి ఆరు పాయింట్లు. బంతిని తన్ని రెండు స్తంభముల నడుమ దాటించినచో మూడు. అడ్డగించువారు తాలీములో పహిల్వానుల వలె నడుము వంచి, నేలకు చేయి ఆనించి, సంజ్ఞ కాగానే ఒకరినొకరు ఢీకొందురు. ఆ ఢీకొనుట ఎంత భయంకరమైనదనగా, 1905లో ఆటగాండ్ర మరణములు పెచ్చుపెరుగుటచే అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ వారిని శ్వేతసౌధమునకు పిలిపించి మందలింపవలసి వచ్చినది. మరుసటి యేడే బంతిని ముందునకు విసరుటకు అనుమతి లభించి, ఆట కొంత నేల వదలి ఆకాశమున కెక్కినది.

మన తెలుగువారికి ఈ ఆట పూర్తిగా అపరిచితమని చెప్పరాదు. టెక్సాసులోని ఇర్వింగ్ పట్టణమున నేడు ఆవకాయ జాడీలకును, అన్నప్రాశనములకును కొదవలేదు గదా; డల్లాస్ కౌబాయ్స్ అను సుప్రసిద్ధమైన జట్టు 1971 నుండి 2008 వరకు తన స్వస్థలపు ఆటలను ఆ ఇర్వింగులోని టెక్సాస్ స్టేడియములోనే ఆడెను. అమెరికా వారి సూపర్ బౌల్ అను మహాసంగ్రామము అచ్చట ఆదివారము సాయంకాలము, ఇచ్చట సోమవారము తెల్లవారుజాము. శాలిబండలో పాలప్యాకెట్లు పంచు వేళకు, కొడుకు ఫోను చేసి, "నాన్నా, మావాళ్లు గెలిచారు" అనుటయు, "మావాళ్లు" అనగా ఎవరో తెలియకనే తండ్రి సంతోషించుటయు నేను స్వయముగా ఎరుగుదును.

ఇక స్కైకింగ్స్ కథకు పూర్వము, దానికి పినతాత వరుసయగు మరియొక జట్టును స్మరింపవలెను. 1920లో ఓహాయో రాష్ట్రపు కాంటన్ పట్టణమున ఒక మోటారుకార్ల దుకాణములో, కుర్చీలు చాలక కొందరు కార్ల పాదపీఠములపై కూర్చుండగా, నేటి మహాలీగుకు బీజము పడినది. ఆ తొలినాళ్ల జట్లు వానకాలపు పుట్టగొడుగులు; నేడు పుట్టి రేపు మాయమగునవి. వానిలో 1922లో వెలసిన ఊరాంగ్ ఇండియన్స్ అను జట్టు మిక్కిలి విచిత్రమైనది. అందలి ఇండియన్లు మనము కాము, అమెరికా ఆదివాసులు. ఆ జట్టును పెట్టినవాడు వాల్టర్ లింగో, లరూ అను కుగ్రామమున ఏర్‌డేల్ జాతి కుక్కలను పెంచి అమ్ము వర్తకుడు. లీగులో స్థానమునకు నాడు నూరు డాలర్లు; అతడమ్ము కుక్క యొక్కటి నూట యేబది. కనుక ఒక కుక్క వెలకు లోబడి ఒక జట్టు వచ్చినది. 1912 స్టాక్‌హోం ఒలింపిక్సులో రెండు స్వర్ణపతకములు గెలిచిన జిమ్ థోర్ప్ అంతటివానిని నాయకునిగా తెచ్చి, ఆట నడుమ విరామమున కుక్కల విన్యాసములు, ఆదివాసుల నృత్యములు ప్రదర్శింపజేసి, ఊరూర తన కుక్కల ఖ్యాతి చాటించుకొనెను. రెండేండ్లలో ఆ జట్టు ఆడినవి ఇరువది పందెములు, గెలిచినవి నాలుగు, స్వస్థలమని చెప్పదగిన చోట ఆడినది ఒక్కటే. లరూలో తగిన మైదానము లేమిచే అదియు పొరుగున నున్న మేరియను పట్టణముననే జరిగెను. 1923తో జట్టు అంతరించినది. కుక్కలు మాత్రము బాగుగా అమ్ముడుపోయినవట.

ఆ పుటలు చదివినంతసేపును నాకు మన హైదరాబాదు జట్టే మనసున మెదలినది. 2011 ఆగస్టులో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అను సంస్థ అమెరికా నుండి ప్రకటన వెలువరించెను. రిచర్డ్ వేలన్ దాని అధినేత. సూపర్ బౌల్ గెలిచిన కర్ట్ వార్నర్, శిక్షకులలో దిగ్గజమగు మైక్ డిట్కా, రాన్ జవర్స్కీ, మైకేల్ ఇర్విన్, సినీనటుడు మార్క్ వాల్‌బర్గ్ మున్నగు వారు దానికి వెన్నుదన్నుగా నిలిచిరి. భారత సంతతివాడును, గ్రీన్‌బే ప్యాకర్స్ జట్టున ఆడినవాడును అగు బ్రాండన్ చిల్లార్ వారితో చేయి కలిపెను. నూరుకోట్లకు పైబడిన జనసంఖ్య, అందులో యువకులే అధికము. క్రికెట్టులో ఐపీఎల్ కురిపించిన ధనరాశి కన్నులయెదుట నున్నది. లెక్క కాగితముమీద నిర్దుష్టముగా కుదిరినది. పుణె మరాఠాస్, ఢిల్లీ డిఫెండర్స్, ముంబయి గ్లాడియేటర్స్, కోల్‌కతా వైపర్స్, బెంగళూరు వార్‌హాక్స్ అని పేర్లు పెట్టుచు వచ్చి, హైదరాబాదు వంతు రాగా స్కైకింగ్స్ అనిరి.

ఆ పేరును గూర్చి ఒక మాట అనక నిలువలేకున్నాను. స్కైకింగ్స్ అనగా ఆకాశరాజులు. తెలుగువాని చెవికి ఆకాశరాజన్నంతనే నారాయణవనము, పద్మావతీదేవి, ఏడుకొండలవానికి పిల్లనిచ్చిన మామగారు స్ఫురింతురు గాని, ఇనుప జాలీ తగిలించుకొని దొమ్మీకి పోవు మల్లుడు స్ఫురించడు. పాతబస్తీ వానికైనచో సంక్రాంతి నాటి మిద్దెలు స్ఫురించును. ధూల్‌పేటలో అతికించిన పతంగు, గాజుపొడి పూసిన మాంజా, చేతిలో చర్ఖా గిరగిర తిరుగగా పేచీ వేసి ఎదుటివాని దారము తెంపి "అఫా!" అని కేకవేయువాడే ఇచ్చటి ఆకాశమునకు రాజు. పేరు పెట్టినవారు ఈ రెండింటిలో ఒక్కటి ఎరిగియున్నను, చిహ్నముగా ఒక గాలిపటమునైనను వ్రాసికొని, ఊరిలో నాలుగు ఇండ్లకు చుట్టమై యుందురు.

పేర్లు కుదిరినవి; ఆటగాండ్రు కుదురుట కష్టమైనది. ఇచ్చట ఈ ఆట నెరిగిన కుఱ్ఱవాడు లేడు గనుక, రగ్బీ ఆడినవారిని, పరుగుపందెముల వారిని, కబడ్డీ వారిని చేరదీసి, బంతి పట్టుట మొదలుకొని సమస్తమును ఓనమాలతో నేర్పవలసి వచ్చినది. ఒక్కొక్కనికి శిరస్త్రాణము, భుజములకు కవచము, దంతములకు రక్షణ, ఇవి ఏవియు సుల్తాన్‌బజారులో దొరకునవి కావు. దాడికొక పదునొకండుగురు, రక్షణకు వేరొక పదునొకండుగురు, తన్నుటకు మరల ప్రత్యేకులు. ఒక జట్టు నిలువవలెనన్న ఒక చిన్న పటాలమే కావలెను. మైదానము మాట చెప్పనక్కరలేదు. తుదకు 2012లో తొలి ఋతువు పందెములు భారతదేశమున గాక, సముద్రము దాటి శ్రీలంకలో, కొలంబోలోని సుగతదాస క్రీడాంగణమున జరిగినవి. వానిని అచ్చట చిత్రించి, పిమ్మట టెన్ స్పోర్ట్స్ ద్వారా మన ఇండ్లకు ప్రసారము చేసిరి.

పాఠకులు దీనిని ఒకమారు నిదానించి ఊహింపవలెను. రొమ్ముపై హైదరాబాదు పేరు. నిలిచిన నేల కొలంబో. ఎదుటనున్నది బెంగళూరో కోల్‌కతాయో పేరుగల మరియొక ప్రవాస జట్టు. గెలిచిన జయమనుటకును, ఓడిన అయ్యో యనుటకును ఊరివాడొక్కడు గట్టున లేడు, ఉన్నవి కెమెరాలు. ఇంటనున్నవాడు ఆ ఆటను చూచువేళకు దాని ఫలితము ఏనాడో తేలిపోయి, ఆటగాండ్రు గాయములకు కట్లు విప్పుకొనుచుందురు. మహాభారత యుద్ధమును ధృతరాష్ట్రునకు సంజయుడు చెప్పినట్లు ఉన్నదని ఎవరైన అనవచ్చును. కాని ధృతరాష్ట్రునకు అచ్చట పోరాడుచున్నవారు తన బిడ్డలని తెలియును.

ఆ ఋతువు తుదిపోరులో పుణె మరాఠాస్ ఢిల్లీ డిఫెండర్సును 6–0 తేడాతో ఓడించి తొలి ఎలైట్ బౌల్ గెలుచుకొనిరి. ఆ 6–0 అను అంకెను నేను పలుమారులు తలపోసితిని. ముప్పదులు, నలుబదులు పాయింట్లు సామాన్యమగు ఈ ఆటలో, ఒక సంపూర్ణ పందెమున ఒక పక్షము ఆరింటితో ఆగుట, రెండవది సున్నకు పరిమితమగుట, కొత్తగా ఈత నేర్చినవారు ఏరు దాటిన తీరును తెలుపుచున్నది. దాటిరి గదా! దానికి నవ్వరాదు. తనకు వినోదమునకైన తెలియని ఆటను, నెలల తరబడి పరదేశపు ఎండలో, ఎముకలు కదలునట్లు అభ్యసించిన ఆ యువకుల శ్రమ అసత్యము కాదు. అసత్యమైనది వారి రొమ్ములపైని ఊరి పేర్లు మాత్రమే.

ఇట్టి అరువు పేర్లకు మన నగరము అదివరకే అలవాటుపడినది. 2008లో పుట్టిన డెక్కన్ చార్జర్స్ క్రికెట్టు జట్టు 2009లో కప్పు గెలిచినదియు సొంత ఊరిలో కాదు. సార్వత్రిక ఎన్నికల కారణముగా ఆ యేటి పోటీలు దక్షిణాఫ్రికాకు తరలగా, మే 24న జోహన్నెస్‌బర్గులో, బెంగళూరుపై ఆరు పరుగుల తేడాతో గెలిచిరి. అయినను ఆ రాత్రి హైదరాబాదులో టపాకాయలు కాలినవి. ఏలయన క్రికెట్టు ఇచ్చట గల్లీగల్లీలోను ఉన్నది, దూరదేశపు విజయమును దింపుకొనుటకు ప్రతి యింటను ఒక అరుగు సిద్ధముగా నున్నది. ఆ చార్జర్సును క్రికెట్టు బోర్డు 2012 సెప్టెంబరులో రద్దు చేసెను. స్కైకింగ్స్ తెరకెక్కినదియు ఆ యేడే. ఒకటి తెరనుండి దిగుటయు, మరొకటి ఎక్కుటయు ఒకే సంవత్సరమున జరుగగా, మొదటిదానికి వగచినవారు వేలమంది, రెండవదానిని గమనించినవారు వేళ్లమీద లెక్కింపదగినవారు.

రహీం మాష్టారు ఏ కంపెనీ ధనముతోను రాలేదు. ఆయన బడిపంతులు, కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ బడులలో పాఠము చెప్పినవాడు. పాఠము ముగిసిన పిమ్మట పిల్లలను మైదానమునకు తీసికొనిపోయి, చేతగాని కాలితోనే ఆడుమని పందెములు పెట్టి రెండుకాళ్ల ఆటగాండ్రను తయారుచేసెను. వాండ్రలో కొందరు పోలీసు జట్టున చేరిరి. మరికొందరు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సు వరకు పోయిరి. మూసీ ఒడ్డున హైకోర్టు సరసన సిటీ కాలేజీ గుమ్మటముల నీడలో, బార్కాసు మైదానమున, బంతి లేనినాడు గుడ్డపేలికల ఉండతో ఆడిన బాలురు ఆ వరుసలో ఉండిరి. బార్కాసును తలచినప్పుడు నాకొక విచారము కలుగును. నిజాము కాలపు అరబ్బు సిపాయిల బారకాసుల నుండి పేరుపొందిన ఆ వాడలో కుస్తీ ఉన్నది, ఫుట్‌బాల్ ఉన్నది, కొండవంటి భుజముల యువకులున్నారు. నడుము వంచి ఎదుటివానిని వెనుకకు నెట్టు విద్య వారికి తాతల నాటినుండి తెలియును. ఆ లీగు పెద్దలు పేరుకు ముందు ఒక తాలీము గడప తొక్కి, ఒక ఉస్తాదు ముందర ఆ కోడిగ్రుడ్డు బంతిని ఉంచి, "దీనిని మీవాండ్రు తీసికొనిపోనీయండి, మావాండ్రు ఆపుదురు, చూతము" అనియున్నచో ఏమయ్యెడిదో! మైసూరుపాకు పందెముగా పెట్టినను నూరుగురు చూడవచ్చెడివారు.

ఆ తొలి ఋతువు పిమ్మట స్కైకింగ్స్ పేరు క్రమముగా మరుగునపడెను. దాని కొరకు ఒక వీధికి పేరు మారలేదు, ఒక హోటలు గోడకు పటము తగులుకొనలేదు. ఆట మాత్రము మరియొక వేషమున తిరిగి వచ్చుచున్నది. 2023 అక్టోబరు 16న అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ముంబయిలోనే సమావేశమై, 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలలో క్రికెట్టుతో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను చేర్చెను. అందు పక్షమునకు అయిదుగురే. కవచములు లేవు, ఢీకొనుట లేదు. నడుమున వ్రేలాడు గుడ్డపట్టీని లాగినచో ఎదుటివాడు నిలిచిపోవలెను. గుడ్డపట్టీలకును, చిన్న గల్లీలకును పాతబస్తీలో కొరత లేదు. మా గల్లీ బాలురకు ఈ సంగతి చెప్పి, మోరీలోనుండి తీసి కడిగి ఆరబెట్టిన ఆ బంతిని మరల ఇచ్చితిని. ఈమారు కాలితో తన్నక చేతితో విసరిరి. అది ఎదుటింటి మిద్దెమీద పడినది. ఆ యింటి ఖాలా నిద్రలేచి తిట్టుచు దానిని క్రిందకు విసరగా, ఆమె చేతినుండి అది గిరగిర తిరుగుచు, ఏ వంకరయు లేక, నేరుగా వచ్చి పిల్లవాని యెదలో వాలెను.

తరువాతి ప్రకరణమున 2005లో తొలి ప్రీమియర్ హాకీ లీగును గెలిచి, మూడేండ్లకే లీగుతో పాటు కనుమరుగైన హైదరాబాదు సుల్తాన్స్ వృత్తాంతము.

(సశేషము)